ఉప్పు పొట్లం కాగితాలు

మొన్నామధ్య మా మనవరాలు నన్ను విశాఖపట్నంలో పాత సినిమా కాగితాల ప్రదర్శనకి తీసుకెళ్ళింది. గోడ పోస్టర్లు, పాటల పుస్తకాలు, బండి మీంచి విసిరే నోటీసులు, అన్నీ అద్దాల కింద పెట్టారు. "అన్నీ నీ కాలం నాటివే అమ్మమ్మా" అంది, నన్ను కూడా ఓ అద్దం కింద పెట్టేస్తే సరిపోతుందన్నట్టు. నాకు డెబ్బై ఆరేళ్ళు. అలాంటి మాటలకి కోపం తెచ్చుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఒక మూల, సినిమాలకి ఇంకా మాటలు రాని రోజుల నాటి నోటీసు ఒకటి కనిపించింది. గులాబీరంగు కాగితం, అంచులు చెద తినేసింది. జనమంతా దాని మీద కత్తి దూసిన రాజకుమారుణ్ణి చూస్తున్నారు. నేను మాత్రం కళ్ళజోడు సర్దుకుని అడుగున గీత కోసం వెతికాను. "మకాం" అని అచ్చు వేసి పక్కన ఒక చుక్కల గీత, "తేదీ" అని వేసి ఇంకో గీత. డేరా వేసుకుని ఊరూరా తిరిగే కంపెనీలు ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి పేరు చేత్తో రాసి పంచుకోవడానికి విడిచిన ఖాళీ అది. దాని మీద ఎవరో పెన్సిలుతో ఏలూరు అని రాశారు. ముక్కూ మొహం తెలియని చేతిరాత. అయినా అద్దం మీదకి వంగి మళ్ళీ చదివాను.

ఆ కాగితాలన్నీ పోగేసినాయన పక్కనే నిలబడి ఉన్నాడు. వృత్తికి డాక్టరట, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పిచ్చట. "ఇది రాసిందెవరు బాబూ?" అని అడిగాను. "ఎవరో గుమాస్తా అయ్యుంటాడమ్మా. నిజం చెప్పాలంటే ఆ రాత లేకపోతే దీని విలువ ఇంకా పెరిగేది. ఏమీ నింపని నోటీసులకే గిరాకీ" అన్నాడు. మంచివాడే పాపం, తనకి తెలిసిన మాట చెప్పాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకంటే మా చిన్నాన్న అలాంటి గుమాస్తానే. మా ఇంట్లో బిస్కట్ల డబ్బా నిండా అలాంటి గీతలే ఉన్నాయి, అన్నీ ఆయన నింపినవే.

అప్పుడు నాకు తొమ్మిదో పదో, పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిది ప్రాంతం. మా నాన్న మన్యం కొండల మీద, డుంబ్రిగుడకి కోసెడు దూరంలో మిషన్ బడి మాస్టారు. పాస్టరుగారు కొండెక్కని ఆదివారాల్లో, అంటే చాలా ఆదివారాల్లో, వాక్యం చెప్పేదీ ఆయనే. బడీ ఆరాధనా ఒకే పాకలో జరిగేవి. సోమవారం నుంచి శనివారం దాకా ఎక్కాలు విన్న గోడలే ఆదివారం కీర్తనలు వినేవి. నాన్న పొడుగాటి మనిషి, నవ్వితే ఎక్కడ తరిగిపోతారో అన్నట్టు ఉండేవారు. తల్లీతండ్రీ ఒకే ఏడాది పోతే, తనకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచారు. చిన్నాన్నకి అక్షరాలు దిద్దించిందీ నాన్నే. మా నాన్నది ఒక వింత పద్ధతి. పదం మొత్తం రాసేసి, తలకట్లన్నీ ఆఖరున వరసగా పెట్టుకుంటూ వెళ్ళాలి. అలా పెడితే అవన్నీ ఒకే వైపుకి వాలి, గాలికి వంగిన వలిస చేనులా కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల అలా రాసేవాళ్ళు ఇద్దరే ఇద్దరు, మా నాన్న, మా చిన్నాన్న. నాకూ నేర్పాలని చూశారు గానీ నా తలకట్లు చెదిరిపోయిన మేకల మందలా తలో దిక్కుకీ పోయేవి.

చిన్నాన్నని పక్క ఊళ్ళో కొత్తగా పెట్టబోయే బడికి మాస్టారుని చెయ్యాలని నాన్న ఆశ. పలకలు తెమ్మని కొండ దిగువకి, శృంగవరపుకోటకి పంపారు. అక్కడ డేరా సినిమా దిగింది. వారంలో రావలసిన మనిషి రెండు వారాలకి వచ్చాడు, పలకలు తెచ్చాడు గానీ బుర్ర అక్కడే వదిలేసి వచ్చాడు. సినిమా పాపం అని వాక్యంలో చెప్పే నాన్నకి వినబడకుండా, పొయ్యి దగ్గర కూర్చుని మా అమ్మకి కథంతా చెప్పేవాడు. "వదినా, గుర్రం మన మీదకే వచ్చీసినట్టుంటాది. ముందు వరసోళ్ళు లేచి పారిపోనారు తెలుసా?" అమ్మ అంబలి కలుపుతూ, "నువ్వూ పారిపోనావా?" అనేది. "నేనేటి పారిపోతాను, గుర్రం వెనకాలే ఎల్లిపోదామనుకున్నాను" అనేవాడు. అమ్మ నవ్వేది. తర్వాత ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు ఏడ్చిందో నాకే తెలుసు.

ఒక సాయంత్రం నాన్న పొరుగూరు వెళ్ళినప్పుడు చిన్నాన్న ఊళ్ళో పిల్లలందరినీ పాకలో పోగేశాడు. ఆరాధనలో రొట్టే ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ తీసి అడ్డంగా కట్టాడు, వెనకాల లాంతరు పెట్టాడు. రెండు చేతులూ కలిపి పులిని చేశాడు. ఆ పులి చెవులు ఆడించేది, ఆవలించేది, గొంతెత్తి గాండ్రించేది. నిజం పులులు తిరిగే చోట పుట్టిన పిల్లలు ఆ నీడ పులిని చూసి కెవ్వుమన్నారు, మళ్ళీ మళ్ళీ చెయ్యమన్నారు. కథంతా వాళ్ళ కొండ ఒడియాలోనే చెప్పాడు. నా జన్మలో నేను చూసిన మొదటి సినిమా అదే, ఇప్పటికీ దాన్ని మించింది చూడలేదు. సరిగ్గా పులి రాజకుమారుడి మీదకి దూకబోతుండగా నాన్న గుమ్మంలోకి వచ్చారు.

ఆయన అరవలేదు. గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకున్నారు. "రేప్పొద్దున్న నువ్వు నా ఇంట్లో ఉండకూడదు. ఎక్కడికి పోయినా నాకు ఉత్తరం ముక్క రాయకు" అన్నారు. చిన్నాన్న "అన్నయ్యా" అని ఒక్కసారి పిలిచాడు. నాన్న వెనక్కి తిరగలేదు. తెల్లవారేసరికి చిన్నాన్న మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మాత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది. డేరా కంపెనీలో చేరాడని తర్వాత ఎవరో చెప్పారు. అక్కడ తెర మీద వచ్చే రాతలు జనానికి గట్టిగా చదివి వినిపించడం ఒక పని, నోటీసుల మీద మకాం, తేదీ రాయడం ఇంకో పని అట. నాన్న విని, "మంచిది" అన్నారు. ఆ రోజు అన్నం తినలేదు.

ఇక్కడ ఉప్పు సంగతి చెప్పాలి. మా వైపు సంతకి ఉప్పు షావుకారు ఒకాయన ఎడ్ల మీద ఉప్పూ ఎండుచేపలూ పొగాకూ వేసుకుని ఘాటీ ఎక్కి వచ్చేవాడు. కిందికి వెళ్ళేటప్పుడు పసుపూ చింతపండూ వేసుకుపోయేవాడు. కొండ మీద కాగితం ఎక్కడిది? అందరికీ ఉప్పు అడ్డాకులోనే కట్టి ఇచ్చేవాడు. చిన్నాన్న వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, ఉన్నట్టుండి, మాకు మాత్రం కాగితంలో కట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. "మేష్టరుబాబుకి ఆకేటి బాగుంటాది?" అన్నాడు. నాకు ఎంత గర్వమో చెప్పలేను. సంతలో ఇంతమందికి ఆకు, మా ఒక్కరికే కాగితం! పొట్లం అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకుని నడిచేదాన్ని. నాన్న కూడా చదువుకి దక్కిన మర్యాద అనే అనుకున్నారు, మెడ మరో అంగుళం నిటారుగా పెట్టి నడిచేవారు.

మొదటి పొట్లం అమ్మ పొయ్యి దగ్గర విప్పి, కాగితం మంటలో వెయ్యబోయింది. నాన్న చెయ్యి పట్టుకుని ఆపేశారు. పచ్చ కాగితం, మీద ఏనుగూ సుందరీ, "తప్పక చూడుడు, స్త్రీలకు వేరుగా స్థలము కలదు" అని అచ్చు. అడుగున గీత మీద పెన్సిలుతో రాసిన ఊరి పేరు, పాలకొండ. తలకట్లన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. నాన్న దీపం దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. ఉప్పు దులిపి, తుడిచి, పెద్ద బైబిలు కింద పెట్టారు. "దేవుడి పుస్తకం కింద సినిమా బొమ్మలేటండీ?" అంది అమ్మ. "చెమ్మ ఆరడానికి" అన్నారు. ఆరిన తర్వాత అది ఎప్పుడో మిషన్ దొరసాని ఇచ్చిన బిస్కట్ల డబ్బాలోకి చేరింది. కింద ఊళ్ళలో పంచి పారేసిన నోటీసులు షావుకారు ఏరుకొస్తున్నాడు కాబోలు అనుకున్నాం.

అప్పటి నుంచి మా ఇంటికి ఉప్పు పిచ్చి పట్టింది. నాన్న సంతకి స్వయంగా వెళ్ళి, ఒక పొట్లం సరిపోయే చోట నాలుగు చిన్న పొట్లాలు కట్టించుకునేవారు. "ఉప్పు కొట్టు పెడతారేటి?" అని అమ్మ సణిగేది. ఆ ఉప్పు ఖర్చుచేయడానికి ఉసిరికాయలూ మామిడికాయలూ అయిపోయి చివరికి వెదురు కొమ్ములు కూడా ఊరేసింది. ఆ ఏడు మా ఇంట్లో ఏది ముట్టుకున్నా ఊరగాయే. ఎందుకు కొంటున్నారో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. కానీ సంత నాటి రాత్రి భోజనాలయ్యాక నన్ను పిలిచి, "గుంటా, ఈ వారం ఏ ఊరో చదువు" అనేవారు, నాకు చదువు వచ్చో రాదో పరీక్షించడానికి అన్నట్టు. నేను చదివేదాన్ని. బొబ్బిలి. పార్వతీపురం. సాలూరు. విజయనగరం. అమ్మ పొయ్యి దగ్గర గిన్నెలు కడగడం ఆపి వినేది. నా భూగోళమంతా అలా ఉప్పు వాసనతోనే మొదలైంది. గీత మీద ఊరూ తేదీ తప్ప ఇంకో మాట ఎప్పుడూ ఉండేది కాదు. ఉత్తరం రాయొద్దన్నారు గదా, రాయలేదు.

కార్తీకంలో తుపాను పట్టింది. ఘాటీ మీద బండరాళ్ళు జారి, షావుకారు రెండు సంతలకి రాలేకపోయాడు. మూడో సంతకి వచ్చాడు, నెల మొదట్లో. ఆ రోజు పొట్లం విప్పి నేను "శృంగవరపుకోట, తొమ్మిదో తేదీ నుంచి" అని చదివాను. కొండ కిందే! నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. "ఇంకా వారం ఉంది" అన్నారు. ఆయన ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. పలకలు కావాలని ఊళ్ళో అందరికీ చెప్పారు. ఉతికిన చొక్కా పెట్టుకున్నారు. అమ్మ ఏమీ తెలియనట్టే సామ బియ్యం వండి మూట కట్టి, దానితో ఉసిరికాయ ఊరగాయ చిన్న జాడీ కూడా పెట్టింది. "మరిదికి ఇదంటే ఇష్టం" అని గోడకి చెప్పినట్టు చెప్పింది. నాన్న వినబడనట్టు జాడీని మూటలో సర్దుకున్నారు.

మూడు రోజులు నడిచి వెళ్ళారు. వెళ్ళేసరికి మైదానంలో డేరా గుంజలు పాతిన గుంతలున్నాయి, వాటిలో తుపాను నీళ్ళున్నాయి. కంపెనీ వెళ్ళిపోయి ఇరవై రోజులకి పైగా అయిందట. నోటీసు మీద తారీఖు వేస్తారు గానీ నెల వెయ్యరు, ఆ వారం పంచి ఆ వారం పారేసే కాగితానికి నెలెందుకు? అది కిందటి నెల తొమ్మిది. రెండు సంతలు తప్పిపోయిన సంగతి మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. లెక్కల మాస్టారికి ఆ ఒక్క లెక్క తప్పింది. ఆశ పడ్డ మనిషి తీసివేతలు చెయ్యడు. జాడీ మూత కూడా తియ్యకుండా వెనక్కి తెచ్చారు. అమ్మ దాన్ని అటక మీద పెట్టింది.

మళ్ళీ పొట్లాలు వచ్చాయి. పర్లాకిమిడి అని వచ్చింది, టెక్కలి అని వచ్చింది. ఎండలు ముదిరాక ఒక సంత రోజు నేను మామూలుగా కాగితం విప్పి "నరసన్నపేట" అని చదివాను. నాన్న చెయ్యి చాచారు. చూశారు. నా వైపు చూసి, "ఇదెవరు రాశారు?" అన్నారు. నేనూ చూశాను. తలకట్లు నిటారుగా, దేనికవి నిలబడి ఉన్నాయి. ఎవరిదో గుండ్రటి, శుభ్రమైన రాత. నాన్న అలాగే లేచి, చెప్పులైనా వేసుకోకుండా, సంతకి వెనక్కి నడిచారు. నేను వెనకాల పరుగెత్తాను.

షావుకారు ఎడ్లకి బస్తాలు ఎత్తుతున్నాడు. నాన్న కాగితం ఆయన ముందు పట్టుకుని "మా తమ్ముడేడీ?" అన్నారు. అన్ని నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. షావుకారు చేతిలో తాడు వదిలేశాడు, నేల మీద కూలబడ్డాడు.

"మీకెలా తెలిసింది బాబూ?" అన్నాడు. "టెక్కలిలో కలరా తగిలింది. రెండు రోజులే ఉన్నాడు. నేను సెప్పలేకపోనాను. ఈ కాయితాలు ఆ బాబే నాకిచ్చీవోడు. 'అన్నయ్యకి ఉప్పు దీంట్లో కట్టి ఇయ్యి, నేనిచ్చినట్టు సెప్పకు' అని ఒట్టేయించుకున్నాడు. శృంగవరపుకోటలో ఆటలైపోయి డేరా కదిలినా, నాలుగు రోజులు ఉండిపోనాడు, మీరొస్తారేమోనని ఘాటీ వైపు సూసుకుంటా. తుపానుకి నేను ఎక్కలేకపోనాను గదా. ఆడు పోనాక ఏటి సెయ్యాలో తెలీలేదు. మీకు ఆకులో కట్టి ఇవ్వడానికి నాకు సేతులు రాలేదు. అందుకని కొత్త గుమాస్తాని అడిగి తెస్తన్నాను. నాకు సదువు రాదు బాబూ. కాయితం కాయితమే గదా, మీకు తెలీదనుకున్నాను."

 నాన్న వంగి, ఆయన భుజం పట్టుకుని లేవదీశారు. చదువుకి దక్కిన మర్యాద అని నేను ఊరంతా ఊరేగించిన పొట్లాలు అవి. మా చిన్నాన్న వారం వారం రాసి పంపిన ఉత్తరాలు అని మాకప్పుడు తెలిసింది. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది, ఏడుపూ వస్తుంది. షావుకారు తన సంచిలోంచి ఒక మడత తీసి ఇచ్చాడు. చిన్నాన్న పెట్టెలో దొరికిందట. పసుపు రంగు నోటీసు, మడత విప్పితే కొత్తదిలా ఉంది. మకాం అన్నచోట "డుంబ్రిగుడ" అని రాసి ఉంది, తలకట్లు వాలి ఉన్నాయి. తేదీ అన్నచోట ఏమీ లేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న పిల్లల్ని సాయంత్రం రమ్మన్నారు. వచ్చాం. ఆయనే తన చేత్తో బల్ల మీది తెల్ల గుడ్డ తీసి అడ్డంగా కట్టారు. అమ్మ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. లాంతరు వెలిగించి, గుడ్డ వెనక నిలబడి, రెండు చేతులూ ఎత్తి చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. తర్వాత నన్ను పిలిచారు. "గుంటా, పులిని ఎలా చేసేవాడే?" అన్నారు. నాకూ రాదు. ఇద్దరం కలిసి ఏదో చేశాం. గుడ్డ మీద మేకపోతు లాంటిది వచ్చింది, పిల్లలు విరగబడి నవ్వారు. నాన్న చేతులు దించేశారు. తర్వాత గుడ్డ మీద ఆయన భుజాల నీడ ఒక్కటే కదిలింది. పిల్లలు అదీ ఆటే అనుకుని ఇంకాసేపు నవ్వారు.

ఆ మరుసటి సంత నుంచి మాకూ ఉప్పు ఆకులోనే వచ్చింది. పొట్లం మీద అడ్డాకు పచ్చి వాసన వేసేది. నాన్న ఇంకో ఇరవై ఏళ్ళు బతికారు, బడి నడిపారు, వాక్యం చెప్పారు. సినిమాకి వ్యతిరేకంగా మాత్రం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. చూడనూ లేదు.

మనవరాలు డబ్బా సంగతి చెబితే, ఆ కాగితాల డాక్టరుగారు నిన్న తనతో ఇంటికొచ్చారు. డబ్బా తెరిచి చూపించాను. పురుగు తినగా నలభై దాకా మిగిలాయి. ఉప్పు తిని అన్నీ పెళుసెక్కాయి, ముట్టుకుంటే రాలిపోతాయి. ఆయన ఆ పసుపు నోటీసు ఒక్కటీ వెలుతురులో పట్టుకుని, "ఇది బాగుందమ్మా, తేదీ ఇంకా ఖాళీగానే ఉంది. ఇస్తారా?" అన్నారు. ఇవ్వలేనన్నాను. ఆయన వెళ్ళాక పెన్సిలు పట్టుకుని కాసేపు కూర్చున్నాను, ఏదో ఒక తేదీ వేసేద్దామని. ఈ అరవై అయిదారేళ్ళలో ఎన్నో క్యాలెండర్లు చింపేశాను. ఆ గీత మీద వెయ్యదగ్గ రోజు ఒక్కటీ దొరకలేదు.